హైదరాబాదు వేసవిలో కొండ మొక్కలకు ఒక చిన్న ఫ్రిజ్

ఉష్ణమండలంలో పుట్టిన మొక్కలన్నీ వేడిని కోరుకుంటాయన్న నమ్మకం చాలా పాతది, చాలా మొక్కలను చంపినది కూడా. 19వ శతాబ్దంలో ఆండీస్ కొండల నుంచి ఓడల మీద ఇంగ్లండు చేరిన ఆర్కిడ్లను అక్కడి సంపన్నులు రాత్రింబగళ్ళు వేడి చేసిన గాజు గృహాలలో ఉంచి, పువ్వు చూడకుండానే పోగొట్టుకున్నారు. అవి భూమధ్యరేఖకు దగ్గరలో పుట్టినవే అయినా, సముద్రమట్టానికి రెండు మూడు వేల మీటర్ల ఎత్తున, మబ్బులు నేలను తాకుతూ పోయే చల్లని చోట పెరిగినవన్న సంగతిని వారు ఆలస్యంగా గ్రహించారు. మన ఇబ్బంది అందుకు తలకిందులుగా ఉంటుంది. మొక్కకు చల్లదనం కావాలని మనకు తెలుసు, కానీ ఆ చల్లదనం మన ఊళ్ళో డిసెంబరు, జనవరి నెలల్లో తప్ప దొరకదు. మే నెలలో పై అంతస్తు గదిలో అర్ధరాత్రి కూడా 32 డిగ్రీలు ఉండే ఇంట్లో ఇటువంటి మొక్కలను బతికించడానికి నేను ఒక చిన్న ఫ్రిజ్‌ను మార్చి వాడుతున్నాను. దాని తీరుతెన్నులు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నా దగ్గర ఉన్నవి ప్రధానంగా రెండు రకాల కీటకాహార మొక్కలు. ఒకటి హీలియాంఫోరా నూటన్స్. వెనెజువెలా, బ్రెజిల్, గయానా సరిహద్దులు కలిసే చోట బల్లపరుపు శిఖరంతో, నిట్టనిలువు గోడలతో నిలిచిన రొరైమా పర్వతం దీని పుట్టిల్లు. ఆ పర్వతం ఎత్తు 2,810 మీటర్లు. ఈ మొక్కను 1840లో జార్జ్ బెంథామ్ శాస్త్రీయంగా వర్ణించారు. ఆకే చుట్టుకుని గొట్టమై, పైన చిన్న చెంచా వంటి మూతతో నిలబడుతుంది. ఆ చెంచాలో ఊరే తేనె కోసం వచ్చిన పురుగు జారి లోపలి నీటిలో పడుతుంది. వాన ఎక్కువైనప్పుడు నీరు పొర్లి మొక్క ఒరిగిపోకుండా గొట్టానికి ముందువైపు ఒక సన్నని చీలిక కూడా ఉంటుంది. రెండవది నెపెంథిస్ అరిస్టొలొకియాయిడిస్ అనే కూజా మొక్క. ఇది సుమాత్రా దీవిలోని కెరించి ప్రాంతపు కొండలలో మాత్రమే, సుమారు 1,800 నుంచి 2,500 మీటర్ల మధ్య పెరుగుతుంది. దీనికి శాస్త్రీయ నామం దక్కింది 1997లోనే. దీని కూజా మూతి పైకి కాక పక్కకు తెరచుకుని ఉంటుంది, పైభాగం గోపురంలా ఉబ్బి, వెలుతురు సోకే కిటికీలా పలుచగా ఉంటుంది. ఆ వెలుతురే బయటికి దారి అనుకుని ఎగిరిన దోమలూ చిన్న ఈగలూ లోపలే చిక్కుకుంటాయి. అడవి నుంచి అతిగా పీకివేయడం వల్ల అది అంతరించే ప్రమాదంలో పడింది కనుక, నర్సరీలో కణజాల వర్ధనం ద్వారా పెంచిన మొక్కను, కాగితాలతో సహా కొనడం తప్ప మరో మార్గం గురించి ఆలోచించకూడదని నా అభిప్రాయం.

ఇటువంటి మొక్కలకు పగలు 20 నుంచి 25 డిగ్రీలు, రాత్రి 10 నుంచి 15 డిగ్రీలు ఉండాలి. ఈ రెండింటిలో రాత్రి అంకెకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. మొక్క పగలు వెలుతురుతో ఆహారాన్ని తయారు చేసుకుంటుంది, రాత్రి శ్వాసక్రియలో దానిలో కొంత ఖర్చు చేస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. పన్నెండు డిగ్రీల రాత్రులకు అలవాటుపడిన మొక్కను ముప్ఫై డిగ్రీల రాత్రులలో ఉంచితే, పగటి సంపాదన రాత్రి ఖర్చుకే సరిపోదు. అది ఒక్కసారిగా వాడిపోదు. ముందు కూజాలు కట్టడం మానేస్తుంది, తరువాత కొత్త ఆకులు పాతవాటికంటే చిన్నవిగా వస్తాయి, చివరికి మొవ్వు నల్లబడుతుంది. లంబసింగిలో చలి ఉంది కదా, అక్కడ పెంచవచ్చు కదా అని మిత్రులు అడుగుతుంటారు. అక్కడి చలి శీతాకాలానిది, రొరైమా చలి పన్నెండు నెలలదీ. మన దేశానికి చెందిన ఒకే ఒక్క కూజా మొక్క, మేఘాలయ కొండల నెపెంథిస్ ఖాసియానా, మాత్రం ఇంత పట్టుదల గలది కాదు. నీడ, తేమ సరిగా చూసుకుంటే దానికి ఫ్రిజ్ అవసరం రాదు.

ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకూ గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అంటే రొరైమా శిఖరానికీ మనకూ మధ్య రెండు వేల రెండు వందల మీటర్ల పైచిలుకు ఎక్కుడు ఉంది, దాని విలువ పదిహేను డిగ్రీలు. గది గాలికంటే పదిహేను, మహా అయితే ఇరవై డిగ్రీలు చల్లగా ఉండే పెట్టె ఒకటి కావాలి. ముప్ఫై అయిదు డిగ్రీల వంటగదిలో పాలను నాలుగు డిగ్రీల దగ్గర ఉంచే యంత్రానికి ఇదొక లెక్కలోది కాదు. అందుచేత చల్లబరచడం పెద్ద సమస్య కాదని మొదటే చెప్పాలి. ఫ్రిజ్ చల్లబరుస్తూ గాలిలోని తేమనంతా లాగేస్తుంది, ఈ మొక్కలకేమో ఎనభై తొంభై శాతం తేమ ఉండాలి. ఈ పనిలోని కష్టమంతా అక్కడే ఉంది.

ఎటువంటి ఫ్రిజ్ తీసుకోవాలి అన్నదానికి నా సమాధానం సూటిగా ఉంటుంది. కంప్రెసర్ ఉన్న, ఒకే తలుపు గల, పైన చిన్న ఫ్రీజర్ డబ్బాతో వచ్చే తొంభై లీటర్ల తరహా ఫ్రిజ్ తీసుకోవాలి. కార్లలోనూ హాస్టల్ గదుల్లోనూ వాడే, పెల్టియర్ పలకతో (కరెంటు పారితే ఒకవైపు చల్లబడే పలక) పనిచేసే చిన్న పెట్టెలు చవకగా, నిశ్శబ్దంగా ఉంటాయి కానీ గది వేడికంటే పద్దెనిమిది, ఇరవై డిగ్రీలు తగ్గించడమే వాటి గరిష్ఠ శక్తి. అది కూడా లోపల మరే వేడీ పుట్టనప్పుడు. మే నెలలో అవి రోజంతా ఆగకుండా నడిచి, కరెంటు తాగి, మొక్కను ఇరవై రెండు దగ్గర వదిలేస్తాయి. నో ఫ్రాస్ట్ రకం పెద్ద ఫ్రిజ్‌లు కూడా దీనికి పనికిరావు, ఎందుకంటే వాటిలో మంచు కరిగించే హీటరు, టైమరు, దాచిన ఫ్యాన్ కలిసి గాలిని ఎముకలా ఎండబెడతాయి. పాతది కొంటే వెనుక అతికించిన రేటింగ్ స్టిక్కరు మీద వాతావరణ తరగతి చూడాలి. 'టి' అని ఉన్నది 43 డిగ్రీల గదిలో కూడా పనిచేయడానికి తయారైనది, 'ఎన్' అన్నది 32 డిగ్రీల దాకానే. వాడే వాయువు ఆర్-600ఎ అని రాసి ఉంటే అది ఐసోబ్యూటేను, అంటే మండే వాయువు. పరిమాణం కొద్ది పదుల గ్రాములే అయినా, గొట్టాల దగ్గర టంకం వేయడం, రంపం పెట్టడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు.

మార్పులలో పెద్దది తలుపు. ఇనుప రేకు తలుపును కీళ్ళ నుంచి ఊడదీసి, అదే కొలతకు అల్యూమినియం చట్రంలో జంట అద్దాల తలుపు చేయించాను. కోఠీ దగ్గర ట్రూప్ బజారులో చట్రమూ, సిలికానూ, కీళ్ళూ అన్నీ దొరుకుతాయి. పాత తలుపు చుట్టూ ఉన్న అయస్కాంతపు రబ్బరును నెమ్మదిగా లాగితే గాడి నుంచి వచ్చేస్తుంది, దాన్ని కొత్త చట్రానికి అతికిస్తే సరిపోతుంది. అల్యూమినియానికి రబ్బరు పట్టదు కనుక ఫ్రిజ్ అంచు ఇనుప రేకే కావడం ఇక్కడ కలిసివచ్చింది. ఈ పని చూడడానికి వచ్చిన ఫ్రిజ్ మెకానిక్, "సార్, కూరగాయలకు ఫ్రిజ్ పెట్టేవాళ్ళను చూశాను గానీ, మొక్కను బతికుండగానే ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను," అన్నాడు. అన్నాక, తలుపు రబ్బరు ఎక్కడ గాలి వదులుతున్నదో కాగితపు ముక్క పెట్టి లాగి చూపించినది కూడా ఆయనే. కాగితం పట్టు లేకుండా జారి వచ్చిన చోట రబ్బరును హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి సాగదీస్తే బిగుస్తుంది.

జంట అద్దం ఎందుకన్నది లెక్క వేస్తే తెలుస్తుంది. మూడో వంతు చదరపు మీటరు అద్దం, లోపలికీ బయటికీ పంతొమ్మిది డిగ్రీల తేడా అనుకుందాం. ఒంటి అద్దం నుంచి సుమారు 36 వాట్ల వేడి లోపలికి వస్తుంది, మధ్యలో గాలి ఖాళీ ఉన్న జంట అద్దం నుంచి అందులో సగమే. ఫోము గోడలన్నీ కలిపి పద్నాలుగు వాట్లకు మించవు. అంటే ఒంటి అద్దం పెట్టిన పెట్టెలో వేడి దాదాపు నాలుగింట మూడు వంతులు ఆ తలుపు నుంచే చొరబడుతుంది. వర్షాకాలంలో దీనికి మరో ముఖం ఉంది. ఆగస్టులో గది 28 డిగ్రీలు, తేమ ఎనభై శాతం ఉన్నప్పుడు, 24 డిగ్రీలకంటే చల్లబడిన ఏ ఉపరితలం మీదనైనా నీరు పడుతుంది. ఒంటి అద్దం బయటివైపు పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలకు దిగుతుంది కనుక నీళ్ళు ధారగా కారి నేల తడుస్తుంది. జంట అద్దం మీద తెల్లవారుజామున పల్చటి మసక మాత్రం కనిపించి, లైటు వెలిగాక పోతుంది. మే నెల పొడిగాలిలో రెండింటి మీదా ఏమీ పట్టదు.

ఫ్రిజ్ గోడకు రంధ్రం చేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు చేతిలోని డ్రిల్లింగ్ మెషీన్‌ను పక్కన పెట్టాలి. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి వెనుక నల్ల జాలీ ఉండదు, వేడి గొట్టాలు పక్క గోడల రేకు లోపలే పాముల్లా తిరిగి ఉంటాయి. ఒక్క గొట్టానికి చిల్లు పడినా గ్యాస్ పోతుంది, మరమ్మతు ఖర్చు ఫ్రిజ్ ధరను మించుతుంది. ఆ గొట్టాలు ఎక్కడున్నాయో తెలుసుకోవాలంటే, బియ్యప్పిండిని నీళ్ళలో పల్చగా కలిపి గోడ బయటివైపు పూసి ఫ్రిజ్ నడపాలి. గొట్టం ఉన్న చోట పిండి ముందుగా ఆరి తెల్లని గీతలుగా బయటపడుతుంది. అయితే నా ఫ్రిజ్‌కు ఆ అవసరం రాలేదు. వైర్లన్నీ కొత్త తలుపు చట్రంలో కింది మూలన వదిలిన సందు గుండానే లోపలికి పోతాయి, ఆ సందును సిలికాన్‌తో నింపాను.

ఇక ఉష్ణోగ్రతను అదుపు చేయడం. ఫ్రిజ్‌తో వచ్చే థర్మోస్టాట్ గాలిని కొలవదు. దాని సన్నని రాగి గొట్టం ఫ్రీజర్ పలకకు అంటుకుని ఉండి, పలక ఎంత చల్లబడిందో చూస్తుంది. ఎంత తిప్పినా అది పదమూడు డిగ్రీల గాలిని ఇవ్వలేదు. కోఠీ గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాలలో ఎస్‌టిసి-1000 పేరుతో దొరికే డిజిటల్ కంట్రోలరు ఈ పనికి సరిపోతుంది. గాలిలో వేలాడే సెన్సరు చెప్పినదాన్ని బట్టి అది ఫ్రిజ్‌కు వెళ్ళే కరెంటునే ఆన్ చేస్తుంది, ఆఫ్ చేస్తుంది. దానికి ఒకే అంకె పెట్టగలం కనుక నేను రెండు కంట్రోలర్లు వాడాను. 23 డిగ్రీలకు పెట్టినది ఎల్లప్పుడూ పనిచేస్తుంది, 13 డిగ్రీలకు పెట్టిన రెండవదానికి సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు దాకా మాత్రమే టైమరు కరెంటు ఇస్తుంది, రెండింటి రిలేలూ (కరెంటును కలిపే, తెంచే స్విచ్‌లు) సమాంతరంగా కలిసి అదే ఫ్రిజ్‌ను నడుపుతాయి. రెండు వేళలకు రెండు అంకెలు పెట్టుకునే ఖరీదైన కంట్రోలర్లు కూడా ఉన్నాయి, వైరింగ్ మీద ఆసక్తి లేనివారు వాటిని కొనుక్కోవచ్చు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్ళీ నడపకూడదు. ఆగిన క్షణాన గొట్టాలలో ఒకవైపు ఒత్తిడి ఎక్కువగా, మరోవైపు తక్కువగా ఉంటుంది. అది సన్నని కెపిలరీ గొట్టం గుండా సమం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ లోపు కరెంటు ఇస్తే మోటారు తిరగలేక మూలుగుతుంది, ఓవర్‌లోడ్ రక్షణ స్విచ్ పడిపోతుంది, పదే పదే జరిగితే కాలిపోతుంది. కంట్రోలరులో ఆలస్యం అన్న అమరికను రెండింటిలోనూ అయిదు నిమిషాలకు పెట్టాలి. రెండవ జాగ్రత్త, పాత థర్మోస్టాట్‌ను తీసి పారవేయవద్దు. దాన్ని మధ్య గుర్తు దగ్గర వదిలేస్తే, ఎప్పుడైనా కంట్రోలరు రిలే అతుక్కుపోయి ఫ్రిజ్ ఆగకుండా నడిచినా, అది అడ్డుపడి లోపలి గాలిని గడ్డకట్టకుండా ఆపుతుంది. ఆరేడు డిగ్రీల రాత్రిని ఈ మొక్కలు ఓర్చుకుంటాయి, సున్నాను ఓర్చుకోవు.

తేమ సంగతికి వద్దాం. పదమూడు డిగ్రీల గాలి తడితో పూర్తిగా నిండినా, ఘనపు మీటరుకు పదకొండు గ్రాముల చిల్లర నీటినే పట్టుకోగలదు. తొంభై లీటర్ల పెట్టెలోని గాలి మొత్తంలో ఉండేది ఒక్క గ్రాము నీరు. ఆ ఒక్క గ్రాముకు ఎదురుగా, కంప్రెసర్ నడిచినంతసేపూ సున్నాకంటే ఎంతో దిగువన ఉండే ఫ్రీజర్ డబ్బా అల్యూమినియం పలక ఉంటుంది. దాన్ని తాకిన ఆవిరి తాకినట్టే మంచుగా పేరుకుంటుంది. తడి నాచు, కుండీలు, నీటి పళ్ళెం కలిసి ఎంత ఆవిరిని పంపినా పలక లాగే వేగానికి అవి సరితూగవు. ఫ్యాన్ లేకుండా నడిపినప్పుడు తేమ మీటరు తొంభై నుంచి యాభై దరిదాపులకు దిగిపోవడం నేను చూశాను. ఉష్ణోగ్రత సరిగ్గా ఉండి కూడా హీలియాంఫోరా చెంచాలు అంచుల వెంట ఎండిపోతున్నాయంటే కారణం ఇదే.

దీనికి మందు ఎక్కువ నీరు చల్లడంలో కంటే పలకను తక్కువ చల్లగా ఉంచడంలో ఉంది. పలక మీదుగా గాలి ఎంత ఎక్కువగా పారితే, అది అంత ఎక్కువ వేడిని గాలి నుంచి గుంజుకుని తాను అంతగా దిగజారకుండా ఉంటుంది. అదే వేడిని తీయడానికి తక్కువ నీటిని లాగుతుంది. అందుచేత ఫ్రీజర్ డబ్బా వెనుక పన్నెండు వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి బిగించి, దాన్ని రాత్రీ పగలూ ఆపకుండా తిప్పుతున్నాను. ఆ ఆపకపోవడం వల్ల మరో మేలు కూడా ఉంది. కంప్రెసర్ ఆగాక గమనిస్తే, పలక మీది తెల్లటి పొడి మంచు ముందు బూడిదరంగుకు తిరుగుతుంది, తరువాత అంచుల దగ్గర గాజులా మెరుస్తుంది, ఆపైన చిన్న చిన్న బొట్లు ఒకదానిలో ఒకటి కలిసి పలక వాలు వెంట జారుతాయి. లోపలి గాలి పదమూడు డిగ్రీలది కనుక ప్రతి విరామంలోనూ మంచు తనంతట తానే కరిగిపోతుంది. ఆ తడి పలక మీదుగా ఫ్యాన్ గాలి పోతూ ఉండడంతో, ఇందాక గాలి నుంచి తీసుకున్న నీటిలో కొంత భాగం మళ్ళీ గాలిలోకే చేరుతుంది. ఏసీలలో ఇది దోషం. కంప్రెసర్ ఆగినా ఫ్యాన్ తిరుగుతుంటే గది ఉక్కపోతగా ఉంటుందని మనం విసుక్కునేది దీని గురించే. ఇక్కడ మాత్రం మనకు కావలసినది ఆ ఉక్కే. మీటరు మీద అంకె కంప్రెసర్ నడిచేటప్పుడు డెబ్బై అయిదు దాకా దిగి, ఆగిన కొద్దిసేపటికి మళ్ళీ తొంభై దాటుతుంది. కంట్రోలరులో ఆన్, ఆఫ్‌ల మధ్య తేడాను రెండు డిగ్రీలు ఉంచడం వల్ల ఈ విరామాలు మంచు కరగడానికి చాలినంత పొడవుగా ఉంటాయి.

పలక నుంచి నేరుగా కిందికి దిగే గాలి చాలా చల్లనిది. అది కూజాల మీద పడకుండా డబ్బా కింద అడ్డంగా ఒక అక్రిలిక్ పలకను కొద్దిగా వాలుగా పెట్టాను. అదే కరిగిన నీటిని వెనుక కాలువకు చేరవేస్తుంది. ఆ కాలువ నీరు మామూలుగా కంప్రెసర్ పైనున్న పళ్ళెంలో పడి ఆరిపోతుంది. దాన్ని సన్నని గొట్టంతో ఒక సీసాలోకి మళ్ళిస్తే లవణాలు లేని నీరు ఉచితంగా దొరుకుతుంది, దాన్ని పొగమంచు యంత్రానికి వాడుకోవచ్చు.

అల్ట్రాసోనిక్ పొగమంచు యంత్రం అవసరమే గానీ, అది ప్రతి ఇరవై నిమిషాలకూ ఒక నిమిషం నడిస్తే చాలు. అంతకుమించి నడిపితే దాని బిళ్ళలో పుట్టే వేడి నీటిలోకి దిగుతుంది, ఆకుల మీద నీరు నిలిచి బూజు వస్తుంది. నీటి విషయంలో నగరవాసులకు ఒక మాట చెప్పాలి. ఇంట్లో ఆర్‌ఓ ఉంది కదా అని ధైర్యపడవద్దు. తాగడానికి రుచిగా ఉండాలని చాలా యంత్రాలలో కొంత ముడి నీటిని మళ్ళీ కలిపే చిన్న మర ఒకటి ఉంటుంది, దానివల్ల కుళాయిలో నీటి టిడిఎస్ (కరిగిన లవణాల కొలత) ఎనభై, వంద దాకా ఉండవచ్చు. ఈ మొక్కలకు యాభై పిపిఎంకు మించకూడదు. పొర నుంచి వచ్చే నీటిని మర దాటకముందే పట్టుకోవాలి, లేదా వాననీటిని వడకట్టి దాచుకోవాలి. బోరు నీటిని యంత్రంలో పోస్తే వారం తిరగకుండా అద్దమంతా తెల్లటి సున్నం పొడి పేరుకుంటుంది. కుండీలలో మట్టి గానీ, ఎరువు గానీ వద్దు. పొడవు పీచు స్ఫాగ్నం నాచు, పెర్లైటు (తేలికైన తెల్లటి రాతి గుళికలు) కలిపితే చాలు. కొబ్బరి పొట్టు చవకైనదే అయినా, దానిలోని ఉప్పును ఎన్ని నీళ్ళు పోసి కడిగినా నాకు నమ్మకం కుదరదు.

లైటును లోపల పెట్టాలా, బయట పెట్టాలా అన్నది చర్చించదగినదే. పద్దెనిమిది వాట్ల ఎల్ఇడి పట్టీలు లోపల వెలిగితే ఆ పద్దెనిమిది వాట్లూ చివరికి వేడిగానే మిగులుతాయి. బయట పెడితే వేడి గదికి పోతుంది, కానీ వెలుతురు ముందు నుంచి మాత్రమే వచ్చి మొక్కలన్నీ తలుపు వైపు మెడ సాచుతాయి. నేను లోపల, పైనే పెట్టాను. లైటు వెలిగే పన్నెండు గంటలూ మనం 23 డిగ్రీలను అనుమతించే వేళ కనుక ఆ వేడి భారం ఇబ్బంది కాదు, చల్లదనం గట్టిగా కావలసిన రాత్రి లైటు ఉండదు. ఎల్ఇడికి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవరు, అడాప్టర్లు, టైమరు, రిలేలు మాత్రం అన్నీ బయటే ఉండాలి. తడి ఉన్న చోట, మండే వాయువు గొట్టాలున్న పెట్టెలో నిప్పురవ్వ పుట్టించే పరికరం ఏదీ ఉండకూడదు. లోపలికి పోయేది పన్నెండు, ఇరవై నాలుగు వోల్టుల వైర్లే అయినా, ఈ ఏర్పాటు మొత్తాన్ని కరెంటు లీకైతే సరఫరాను తెంచేసే ముప్ఫై మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ మీద, సరైన ఎర్తింగ్ ఉన్న సాకెట్‌కు కలపకుండా వాడవద్దని గట్టిగా చెబుతాను. రోజుకు ఒకసారి తలుపు తెరిచి కొన్ని నిమిషాలు వదలడం కూడా అవసరం. బిగుతుగా మూసిన పెట్టెలో వెలుతురు ఉన్నంతసేపూ మొక్కలు కార్బన్ డయాక్సైడును వాడుకుంటూ పోతాయి కాబట్టి దానికి కొత్త గాలి తగలాలి.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందన్నది అందరూ అడిగే ప్రశ్న. పెట్టె అడుగున ఆరు లీటర్ల నీటి సీసాలు పడుకోబెట్టాను. రాత్రి వేళ పెట్టెలోకి వచ్చే వేడి ముప్ఫై అయిదు వాట్లు అనుకుంటే, ఆ నీరు పదమూడు నుంచి పద్దెనిమిది డిగ్రీలకు వేడెక్కడానికి దాదాపు ఒక గంట పడుతుంది. నగరంలో మామూలు కోతలకు ఇది చాలు. ఇన్వర్టరు మీద నడపదలచినవారు సైన్ వేవ్ రకం తీసుకోవాలి. కంప్రెసర్ నడిచేటప్పుడు డెబ్బై ఎనభై వాట్లే తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి అనేక రెట్లు లాగుతుందని కూడా గుర్తుంచుకోవాలి. మే నెలలో కంప్రెసర్ దాదాపు సగం సమయం నడుస్తుంది. లైటుతో కలిపి రోజుకు ఒక యూనిట్ చిల్లర అవుతుంది. ఫ్రిజ్ వెనుక ఒక జానెడు ఖాళీ వదలడం, అది తీసిన వేడినంతా గదిలోకే వదులుతుంది కనుక సాయంత్రం కిటికీలు తెరవడం ఆ లెక్కను ఎంతో కొంత తగ్గిస్తాయి. డిసెంబరు వచ్చేసరికి బయటి రాత్రే పదమూడు, పద్నాలుగుకు దిగి, కంప్రెసర్ అసలు నడవని రాత్రులు కూడా ఉంటాయి. అప్పుడు పలక చల్లబడదు, తేమ తగ్గదు, ఏడాదిలో మొక్కలు బాగా సాగేది ఆ రెండు నెలల్లోనే.

ఈ పెట్టెకు ఉన్న పరిమితి దాని ఎత్తు. హీలియాంఫోరా జానెడు ఎత్తులోనే గుబురు కడుతుంది, దానికి ఎన్నేళ్ళయినా ఇబ్బంది లేదు. కూజా మొక్క మాత్రం కొంతకాలానికి తీగ సాగుతుంది, అప్పుడు దాన్ని కత్తిరించి కొమ్మను వేరు పట్టించుకోవాలి. బోర్నియో దీవిలోని కినబాలు కొండల నెపెంథిస్ రాజా మీద మనసు పడేవారు చాలామంది ఉంటారు. దాని కూజా ఒక్కటే లీటర్ల కొద్దీ నీరు పట్టేంత పెరుగుతుంది, పైగా అది అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉన్న మొక్క. అంత పెద్దవాటిని పెంచాలనుకునేవారు నిలువు ఫ్రిజ్‌ను వదిలి, ఐస్‌క్రీమ్ దుకాణాలలో ఉండే పైమూత డీప్ ఫ్రీజర్‌ను చూడడం మేలు. మూత తెరిచినా చల్లగాలి కిందికి ఒలికిపోదు, లైటు నేరుగా పై నుంచి పడుతుంది. అయితే దానిలో చల్లబరిచే గొట్టాలు లోపలి గోడల చుట్టూ ఉంటాయి కాబట్టి, ఆకులు గోడను తాకకుండా నాలుగు వైపులా అరచేయి వెడల్పున జాలీ కట్టి, కరిగిన నీరు అడుగున నిలవకుండా బయటికి పోయే దారి చూసుకోవాలి.